ఖాళీ గడిలో సున్నా

2021 ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో ఎవర్ని ఏ జట్టు ఎప్పుడు తీసుకుంటుందో ముందే చెప్పేస్తానని ఆఫీసులో పందెం కాశాను. ఓడిపోయాను. టీమ్ అందరికీ భోజనం పెట్టించడంతో ఆ లెక్క తీరిపోయింది. కానీ ఓడిన తీరు గురించి రాయాలి. ఎందుకంటే అదే తప్పును ఆ ఏడాది చివర్లో, ఆటతో సంబంధం లేని చోట, మళ్లీ చేశాను. అక్కడ నష్టపోయింది నేను కాదు.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందిలాగే నేనూ క్రికెట్ పిచ్చితో వచ్చి, మొదటి రెండు సీజన్లూ ఏమీ అర్థం కాక, ఆ తర్వాత ఆదివారం సాయంత్రాలు అమెరికన్ ఫుట్‌బాల్‌కి రాసిచ్చేసినవాణ్ణి. మన ఐపీఎల్ వేలం అలవాటైనవాళ్లకి డ్రాఫ్ట్ కాస్త వింతగా ఉంటుంది. ఇక్కడ పాట ఉండదు, డబ్బు విసురుకోవడాలుండవు. కిందటేడు అందరికన్నా చిత్తుగా ఓడిన జట్టు మొదట ఎంచుకుంటుంది, ఆ వరసలో ఏడు రౌండ్లు. హైస్కూలు అయ్యాక మూడేళ్లు గడిస్తే గాని కుర్రాళ్లు అందులోకి రాలేరు. ఆ మూడేళ్లూ వాళ్లాడేది కాలేజీ ఫుట్‌బాల్. జట్లకు కుర్రవాడి గురించి తెలిసేదంతా దాదాపు అక్కడి నుంచే.

2020లో కరోనాతో ఆ కాలేజీ సీజన్ ముక్కలు ముక్కలైంది. మార్చిలో వసంతకాలపు ప్రాక్టీసులు ఆగాయి. ఆగస్టు 11న బిగ్ టెన్, పాక్-12 అనే రెండు పెద్ద కాన్ఫరెన్సులు (కాలేజీ జట్ల కూటములు) ఈ శరత్తులో ఆడబోమన్నాయి. దక్షిణాది ఎస్ఈసీ మాత్రం తమలో తాము పది మ్యాచ్‌లు ఆడుకుంటామని సెప్టెంబరు 26న మొదలుపెట్టేసింది. బిగ్ టెన్ కూడా మనసు మార్చుకుని అక్టోబరు చివర్లో దిగింది, పాక్-12 నవంబరులో. రెండో అంచె కాలేజీల సీజన్ చాలావరకు మరుసటి వసంతానికి జరిగిపోయింది. చివరికి ఛాంపియన్‌షిప్‌తో కలిపి అలబామా 13 మ్యాచ్‌లు ఆడింది. అదే ఫైనల్లో దానికి ఎదురైన ఒహాయో స్టేట్‌వి మొత్తం ఎనిమిదే. అరిజోనా స్టేట్ ఆడింది నాలుగు. వీటికి తోడు కొందరు పేరున్న ఆటగాళ్లు 'ఈ ఏడు నేనాడను' అని తప్పుకున్నారు. ఎల్ఎస్‌యూ రిసీవర్ జమార్ చేజ్, ఆరెగాన్ లైన్‌మన్ పెనే సూయెల్, పెన్ స్టేట్ లైన్‌బ్యాకర్ మైకా పార్సన్స్, నార్త్‌వెస్టర్న్ లైన్‌మన్ రషాన్ స్లేటర్ అందులో ఉన్నారు.

వృత్తిరీత్యా డేటాతో పని చేసేవాణ్ణి కదా, ఈ గందరగోళం నాకు అవకాశంలా కనిపించింది. అందరూ నోటిమాటగా చెప్పేదాన్ని నేను అంకెల్లో చెప్తాననుకున్నాను. ఎక్సెల్ షీట్ తెరిచి, ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస, 2019కి ఒక నిలువు గడి, 2020కి ఒకటి, చివర రెండేళ్ల సగటు. తప్పుకున్నవాళ్ల 2020 గడి ఖాళీ. ఆ ఖాళీ వల్ల పక్కనున్న సూత్రాలు కొన్ని ఎర్రర్ చూపించాయి. షీట్ శుభ్రంగా కనపడాలని అన్నిటిలో సున్నా కొట్టేశాను. అర నిమిషం పని.

ఆ అర నిమిషం ఏం చేసిందో చూడండి. చేజ్ 2019లో పాస్‌లు అందుకుని సాధించింది 1,780 గజాలు. దానికి సున్నా కలిపి రెండుతో భాగిస్తే 890. అలబామా రిసీవర్ డెవాంటా స్మిత్ 2019లో 1,256, 2020లో 1,856 గజాలు. సగటు 1,556. నా షీట్ ప్రకారం చేజ్, స్మిత్‌లో సగం కన్నా కాస్త ఎక్కువ. చేజ్‌ని తీసుకెళ్లి మొదటి రౌండ్ అడుగున పడేశాను. పార్సన్స్‌దీ అదే గతి.

టీమ్‌లో నాకన్నా చిన్నవాడు, వరంగల్ కుర్రాడొకడు, నా షీట్ చూసి అడిగాడు. "అన్నా, ఆయన ఆడనే లేదు కదా. మరి సున్నా ఎవరు వేశిన్రు?"

"ఆడే వీలుండి ఆడలేదు కదరా, దానికి తగ్గింపు ఉండాలి కదా" అన్నాను.

"మరి ఈయనకు లేదేంది?" అని ట్రే లాన్స్ వరస చూపించాడు.

నిజమే. లాన్స్ నార్త్ డకోటా స్టేట్ క్వార్టర్‌బ్యాక్. అతని జట్టు సీజనే వాయిదా పడింది. పాపం అతని తప్పేముందని ఆ గడిని లెక్కలోంచి తీసేసి, 2019 ఒక్కటే పెట్టాను. 2019లో అతను 28 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, ఒక్కటీ ఎదుటివాళ్ల చేతికి చిక్కలేదు. జట్టు 16కి 16 గెలిచింది. అంత మచ్చలేని వరస నా షీట్‌లో ఇంకోటి లేదు.

ఇప్పుడు చూసుకుంటే కనిపిస్తోంది. నేను ఆటను కొలవలేదు, బుద్ధిని కొలిచాను. తనంతట తాను తప్పుకున్నవాడికి శిక్ష, తప్పనిసరై ఆగినవాడికి క్షమాభిక్ష. రెండు తీర్పులూ అంకెల వేషంలో ఉన్నాయి కాబట్టి నాకు తీర్పుల్లా అనిపించలేదు. పార్సన్స్ తన చిన్న కొడుకు ఆరోగ్యం గురించి ఆలోచించి మానుకున్నానని చెప్పాడు. వర్జీనియా టెక్ కార్నర్‌బ్యాక్ కేలెబ్ ఫార్లీ అప్పటికే తల్లిని క్యాన్సర్‌కి పోగొట్టుకున్నాడు, ఇంకొకర్ని పోగొట్టుకునే ధైర్యం లేదన్నాడు. ఇవన్నీ అప్పుడే పేపర్లలో చదివాను. చదివి కూడా సున్నా కొట్టాను.

ఏప్రిల్ 29న క్లీవ్‌లాండ్‌లో డ్రాఫ్ట్ మొదలైంది. ఐదో ఎంపికగా చేజ్‌ని సిన్సినాటి తీసుకుంది. ఏడో ఎంపికగా సూయెల్ డెట్రాయిట్‌కి వెళ్లాడు. మా కౌబాయ్స్‌ది పదో స్థానం. వాళ్లకు కావలసింది కార్నర్‌బ్యాక్ అని ఊరంతా అనుకుంటున్నారు. సరిగ్గా వాళ్ల ముందే, ఎనిమిది, తొమ్మిది స్థానాల్లో, జేసీ హార్న్, ప్యాట్రిక్ సర్టైన్ ఇద్దరూ పోయారు. కౌబాయ్స్ తమ పదో స్థానాన్ని ఫిలడెల్ఫియాకి ఇచ్చి, రెండు మెట్లు దిగి, పన్నెండులో మైకా పార్సన్స్ పేరు పిలిచారు. నేను టీవీ మీద అరిచాను. ఏడాదిపాటు మైదానం మొహం చూడనివాణ్ణి పన్నెండో స్థానంలోనా అని. పదమూడులో చార్జర్స్ స్లేటర్‌ని తీసుకున్నారు. అప్పటికే నా పందెం మునిగిపోయింది. అయినా బుద్ధి రాలేదు. నా షీట్ కరెక్టే, జట్లే తప్పు చేశాయి, సీజన్ మొదలయ్యాక తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆగస్టులో సన్నాహక మ్యాచ్‌లలో చేజ్ చేతికొచ్చిన బంతులు జారవిడిచాడు. కాలేజీ బంతి మీద తెల్ల చారలుంటాయి, ఈ బంతికి లేవు, చూపు ఆనడం లేదన్నాడు. 'చూశారా, ఏడాది తుప్పు' అని ఆఫీసు గ్రూపులో మెసేజ్ పెట్టాను. సెప్టెంబరులో అసలు సీజన్ మొదటి మ్యాచ్‌లోనే అతను 101 గజాలు, ఒక టచ్‌డౌన్. ఏడాది ముగిసేసరికి 1,455 గజాలు, ఆ ఏటి మేటి కొత్త ఆటగాడి అవార్డు. పార్సన్స్ 13 సార్లు క్వార్టర్‌బ్యాక్‌ని నేలకూల్చి, డిఫెన్స్ వైపు అదే అవార్డు తీసుకున్నాడు. స్లేటర్ మొదటి ఏడాదే ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. మా ఊరి జట్టుకి దొరికిన ఆటగాణ్ణి చూసి అరిచినవాణ్ణి, అదే సోఫాలో కూర్చుని అతనికి చప్పట్లు కొట్టాను.

జట్లకు ఇది ఎలా తెలిసింది? మాయేం లేదు. వాళ్లు ఆడిన మ్యాచ్‌లే చూశారు, కానీ ఎవరి మీద ఆడారో కూడా చూశారు. 2020 జనవరి 13న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన జాతీయ ఫైనల్లో చేజ్‌కి ఎదురు నిలిచింది క్లెమ్సన్ కార్నర్‌బ్యాక్ ఏ.జే. టెరెల్. అతనూ బాగా ఆడే కుర్రాడే, నాలుగు నెలలు తిరక్కుండా అతన్నీ మొదటి రౌండ్‌లోనే అట్లాంటా తీసుకుంది. అలాంటివాడి మీద చేజ్ ఆ రాత్రి తొమ్మిది పాస్‌లు అందుకుని 221 గజాలు, రెండు టచ్‌డౌన్లు కొట్టాడు. పార్సన్స్ చివరి కాలేజీ మ్యాచ్ 2019 డిసెంబరులో ఇక్కడే, ఆర్లింగ్‌టన్‌లో, కౌబాయ్స్ సొంత స్టేడియంలో జరిగింది. డిఫెన్స్‌లో ఆ మ్యాచ్ మేటి ఆటగాడు అతనే. ఇంత రుజువు చేతిలో ఉన్నప్పుడు తర్వాతి ఏడాది ఖాళీ అయితే కొత్త సమాచారం రాలేదనే అర్థం. ఉన్న సమాచారం సగానికి పడిపోదు.

దీన్నుంచి 'ఆడనివాళ్లంతా మేలే' అని పాఠం తీస్తే అది రెండో తప్పు. ఎందుకంటే లాన్స్ ఉన్నాడు.

నార్త్ డకోటా స్టేట్ ఆ శరత్తులో ఒకే ఒక్క మ్యాచ్ ఆడింది. 2020 అక్టోబరు 3న, ఫార్గోలో, సెంట్రల్ ఆర్కాన్సా మీద. పెద్ద జట్ల స్కౌట్లకు లాన్స్‌ని చూపించడానికే ఏర్పాటు చేశారని అందరూ అనుకున్న మ్యాచ్. నేనూ కూర్చుని చూశాను. కాళ్లతో అదరగొట్టాడు, 143 గజాలు పరిగెత్తాడు. చేత్తో మాత్రం 30 పాస్‌లకు 15 చేరాయి, 149 గజాలు. కాలేజీలో అతని మొట్టమొదటి ఇంటర్‌సెప్షన్ (ఎదుటివాళ్లకు చిక్కిన పాస్) ఆ రోజే పడింది. మ్యాచ్ 39-28తో గెలిచారు. ఒక్క మ్యాచే కదా అని దాన్ని పట్టించుకోలేదు. చేజ్ విషయంలో ఆడని ఏడాదిని లెక్కలోకి తెచ్చినవాణ్ణి, లాన్స్ విషయంలో ఆడిన రోజును లెక్కలోంచి తోసేశాను.

మొత్తం కాలేజీ జీవితంలో లాన్స్ మొదలుపెట్టిన మ్యాచ్‌లు 17, వేసిన పాస్‌లు 318. అవి కూడా రెండో అంచె జట్ల మీద. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు మూడో స్థానం కొనుక్కుని అతన్ని తీసుకుంది. మయామికి ఇచ్చింది తమ పన్నెండో స్థానం, తర్వాతి రెండేళ్ల మొదటి రౌండ్ ఎంపికలు, ఒక మూడో రౌండ్ ఎంపిక. అక్కడ లాన్స్ మొదలుపెట్టినవి నాలుగే మ్యాచ్‌లు. 2022 సెప్టెంబరులో చీలమండ విరిగింది. 2023 ఆగస్టులో ఒక నాలుగో రౌండ్ ఎంపికకి మా డాలస్‌కే పంపేశారు. ఆ స్థానంలో కుదురుకున్నది 2022 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ఆఖరున, 262వ పేరుగా పిలిచిన బ్రాక్ పర్డీ. ఇంతమాత్రాన లాన్స్ చేతకానివాడని అనను. గాయం ఎవరి చేతిలోనూ ఉండదు. కానీ అతని గురించి మనకు తెలిసింది చాలా తక్కువ, ఆ తక్కువను నేను 'మచ్చలేదు' అని చదువుకున్నాను. అతను 2020 పూర్తిగా ఆడి ఉంటే మచ్చలూ కనపడేవి, వాటిని ఎలా దిద్దుకుంటాడో కూడా కనపడేది.

ఆగిన సీజన్ ఇంకో రకంగానూ మోసం చేస్తుందని జాక్ విల్సన్ దగ్గర తెలుసుకున్నాను. అతను బీవైయూ క్వార్టర్‌బ్యాక్. ఆ కాలేజీ అప్పట్లో ఏ కాన్ఫరెన్సులోనూ లేదు. పెద్ద కాన్ఫరెన్సులు తలుపులు మూసుకునేసరికి యూటా, మిషిగన్ స్టేట్, స్టాన్‌ఫర్డ్ లాంటి జట్లతో వేసుకున్న షెడ్యూలు ఎగిరిపోయింది. దొరికినవాళ్లతో ఆడుకున్నారు, వాళ్లలో ఎక్కువ చిన్న జట్లే. 2019లో 11 టచ్‌డౌన్లు, 9 ఇంటర్‌సెప్షన్లతో ఉన్నవాడు 2020లో 33 టచ్‌డౌన్లు, 3 ఇంటర్‌సెప్షన్లతో మెరిశాడు. నా షీట్‌లో ప్రత్యర్థి బలానికి గడే లేదు. న్యూయార్క్ జెట్స్ అతన్ని రెండో ఎంపికగా తీసుకుంటారని రాశాను, తీసుకున్నారు. ఆ రాత్రి నాకు దక్కిన కొద్ది మార్కుల్లో అదొకటి. మూడేళ్లు తిరిగేసరికి జెట్స్ అతన్ని డెన్వర్‌కి వదిలించుకున్నారు. నా జవాబు కరెక్టే, జవాబు వచ్చిన దారే తప్పు. కరెక్టయింది కాబట్టి ఆ దారిని చాలాకాలం అనుమానించలేదు.

నా షీట్‌లో అసలు వరసే లేనివాళ్ల సంగతి ఇంకా ఆలస్యంగా తట్టింది. ఒక సీజన్ మనిషిని ఎంత ఎత్తుకి తీసుకెళ్తుందో ఎల్ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ జో బరో చూపించాడు. 2018లో అతనివి 16 టచ్‌డౌన్ పాస్‌లు, పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 2019లో 60. 2020 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిదే. ఆ ఒక్క ఏడాది ఆగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. చేజ్, పార్సన్స్ లాంటివాళ్లకు 2020 లేకపోయినా నడిచింది, వాళ్ల పేర్లు అప్పటికే స్కౌట్ల నోట్లో ఉన్నాయి. ఆ ఏడు నిజంగా కావలసింది బరోలా ఎదగవలసిన మధ్యస్థులకి, చిన్న కాలేజీల కుర్రాళ్లకి. ఇండియానాపొలిస్‌లో ఏటా జరిగే కంబైన్ పరీక్షల్లో పరుగులు, విన్యాసాలు 2021లో రద్దయ్యాయి. ఆటగాళ్లను జట్టు ఆఫీసుకి పిలిపించుకోవడం లేదు, ముఖాముఖి అంతా వీడియోలో. మిగిలింది కాలేజీల్లో జరిగే ప్రో డేలు, వాటికీ ఒక్కో జట్టు నుంచి కొద్దిమందికే అనుమతి. కొద్దిమందే వెళ్లగలిగినప్పుడు ముందు ఎక్కడికి వెళ్తారు? తెలిసిన పేర్లున్న చోటికి. నల్లజాతి విద్యార్థుల కోసం చరిత్రలో విడిగా వెలసిన కాలేజీల నుంచి ఆ ఏడు ఎంపికైనవాళ్లు ఒక్కరూ లేరు. మొత్తం 259 పేర్లలో ఒక్కటీ లేదు. మరుసటి ఏడాది నలుగురున్నారు. అంటే కుర్రాళ్లు ఉన్నారు, చూసే కళ్లే లేవు.

ఇక మరో పొరపాటు, ఈ దెబ్బ ఒక్క డ్రాఫ్ట్‌తో సరిపోతుందనుకోవడం. 2020లో ఆడినవాళ్లకు ఆ ఏడాదిని అర్హతా కాలంలో లెక్కించబోమని కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ప్రకటించింది. అప్పుడు అదో చిన్న ఊరటగా కనిపించింది. నాలుగే మ్యాచ్‌లాడిన అరిజోనా స్టేట్ గురించి చెప్పాను కదా, ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్. మామూలు లెక్కన 2022తో అతని కాలేజీ ఆట అయిపోవాలి. ఆ అదనపు ఏడాది ఉండబట్టి 2023లో ఎల్ఎస్‌యూకి ఆడి, హైస్‌మన్ ట్రోఫీ గెలిచి, 2024 డ్రాఫ్ట్‌లో రెండో పేరయ్యాడు. 2025లో మొట్టమొదటి ఎంపిక అయిన క్యామ్ వార్డ్ కాలేజీ ఆట మొదలైంది, 2020 నుంచి వాయిదా పడి 2021 వసంతంలో జరిగిన ఆ చిన్న కాలేజీల సీజన్‌లోనే. ఇంకోవైపు, పెద్దవాళ్లు కదలకపోవడంతో కాలేజీ జట్లలో చోట్లు ఇరుకై, హైస్కూలు నుంచి రావలసిన పిల్లలు ఆ మేరకు ఇబ్బంది పడ్డారు. 2020 ప్రభావం 2020 గడిలో కనపడుతుందని వెతికినవాణ్ణి నేను. అది ఐదేళ్ల పొడవునా పాకింది.

ఇప్పుడు ఆట కాని సంగతి.

2021 చివర్లో మా టీమ్‌లోకి ఒక అనలిస్టు కావలసి వచ్చాడు. రెజ్యూమెలు మొదట వడపోసే పని నాది. అందులో ఒకటి మన తెలుగబ్బాయిది. 2020 మేలో ఎంఎస్ పూర్తయింది. ఆ మే ఎలాంటిదో ఇక్కడున్నవాళ్లకు తెలుసు. వచ్చిన ఆఫర్లు వెనక్కి పోయాయి. చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి మీద ఉన్నవాళ్లు మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు, అందుకని జీతం లేకపోయినా తమ చదువుకు సంబంధించిన పని ఏదో ఒకటి పట్టుకున్నారు. ఈ అబ్బాయీ అంతే. ఒక సేవాసంస్థకి దాతల వివరాల డేటాబేసు సరిచేసి పెట్టానని రెండు వరుసల్లో రాశాడు. పక్కన నేను రాసుకున్న గమనిక: '2020-21, చెప్పుకోదగ్గ అనుభవం లేదు.' పక్కకు పెట్టేశాను. ఫోన్ కూడా చేయలేదు.

కొన్ని నెలల తర్వాత, కొత్త ఏడాది డ్రాఫ్ట్ షీట్ తయారు చేయడానికి పాతది తెరిచి చేజ్ వరసలో నా సున్నా చూసినప్పుడు ఆ రెజ్యూమె గుర్తొచ్చింది. రెండు చోట్లా చెయ్యి ఒకటే, తొందర ఒకటే. చేజ్‌కి నా సున్నా తగలలేదు. సిన్సినాటి వాళ్లకు నా షీట్‌తో పనేముంది? ఈ అబ్బాయి విషయంలో మాత్రం ఆ ఉద్యోగం వరకు సిన్సినాటీ నేనే, షీటూ నాదే. మన ఊళ్ల నుంచి వచ్చి, అప్పు చేసి చదివి, అదే మే నెలలో పట్టా పుచ్చుకున్నవాళ్లు ఎంతమంది ఇలా నాలాంటివాళ్ల వడపోతలో రాలిపోయారో.

అప్పట్నుంచి నా పద్ధతి కొంత మార్చుకున్నాను. ఆటగాడైనా, అభ్యర్థి అయినా మూడు విడివిడి గడులు పెడతాను. చూసినదాంట్లో ఎలా ఉన్నాడు, అది ఎంత గట్టి పరీక్ష, అసలు ఎంత చూశాం. మూడోది తక్కువైతే మొదటిదాన్ని పెంచను, తగ్గించను. ఎందుకు తక్కువైందన్నది మనిషిగా తెలుసుకుంటాను గాని, మార్కుగా మార్చను. ఇంకా చూడవలసింది ఉంటే చూసే ఏర్పాటు చేస్తాను. ప్రో డేలో జట్లు కొలిచే గడియారం పెట్టుకుని నిలబడినట్టు మాకూ ఒకటుంది: చిన్న డేటా ముక్క ఇచ్చి, గంటసేపు దానితో ఏం చేస్తాడో పక్కన కూర్చుని చూడటం. అలా వచ్చినవాళ్లలో బాగా పని చేస్తున్నవాళ్లున్నారు, చేయనివాళ్లూ ఉన్నారు. ఈ పద్ధతి అందర్నీ మంచివాళ్లుగా తేల్చదు.

మా మేనేజరుకి ఇది అంతగా నచ్చదు. ఒకటి నుంచి పది వరకు వరస అడిగితే వరస ఇవ్వాలి గాని, మధ్యలో రెండు పేర్ల పక్కన 'ఇంకా చూడాలి' అని ఉంటే ఏం చేసుకోమంటావంటాడు. ఇంకో గంట ఇవ్వమంటాను. కొన్నిసార్లు ఇస్తాడు, కొన్నిసార్లు టైమ్ లేదంటాడు. లేదన్నప్పుడు ఆ ఇద్దర్నీ వదిలేయక తప్పదు. వాళ్ల పేర్ల పక్కన మాత్రం 'అనుభవం లేదు' అని రాయను, 'మేము చూడలేదు' అని రాస్తాను.